ముక్తేశ్వరం గారి ఆలస్యాభ్యాసం

మా శాఖ పేరు చెప్పను. చెబితే మిగతా శాఖల వాళ్ళు తమనెందుకు వదిలేశానని నొచ్చుకుంటారు. పాత రికార్డులు భద్రపరచడం, అడిగిన వాళ్ళకు వాటి నకళ్ళు ఇవ్వడం మా పని అని మాత్రం చెప్పగలను. మొదటి పని ముక్తేశ్వరం గారు చేసేవారు. రెండో పని కూడా ఆయనే చేసేవారు. మిగతా ఇరవై ఆరుగురం ఆ పనులు సక్రమంగా జరుగుతున్నాయని పై ఆఫీసుకు రాసేవాళ్ళం.

కిందటి వేసవిలో మా కమిషనర్ గారు ఏదో చల్లని ఊళ్ళో మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళొచ్చారు. మనిషి ఏ అలవాటునైనా ఇరవయ్యొక్క రోజుల్లో వదిలించుకోగలడని అక్కడ ఒక వక్త చెప్పారట. అది కమిషనర్ గారికి బాగా పట్టేసింది. నాలుగో రోజున అన్ని జిల్లా కార్యాలయాలకూ ఉత్తర్వు దిగింది.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శాఖాపరమైన సామర్థ్యాభివృద్ధి దృష్ట్యా ప్రతి ఉద్యోగియు తనయందు గల ఒక దురలవాటును ఎంపిక చేసుకొని, నిర్ణీత నమూనాలో నమోదుపరచి, ఇరవయ్యొక్క పనిదినములలో దానిని శాశ్వతముగా విసర్జించవలెను. విసర్జన ధ్రువపత్రము లేనివారి పదోన్నతి ప్రతిపాదనలు పరిశీలింపబడవు. లక్ష్యము నూటికి నూరు శాతము.”

ధ్రువపత్రం పేరు విని ఎవరూ నవ్వలేదు. మా శాఖలో ఉత్తర్వులు విని నవ్వే ఆనవాయితీ లేదు.

మా జిల్లా అధికారి పీతాంబరం గారు అందరికన్నా ముందు ఫారం నింపారు. దురలవాటు అన్నచోట ‘అతిగా పనిచేయుట’ అని రాశారు. ఆ మర్నాటి నుంచి మూడింటికల్లా ఇంటికి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఇరవయ్యొక్క రోజులు అక్కర్లేకుండా ఒక్క పూటలో దురలవాటు వదిలేసిన అధికారి రాష్ట్రం మొత్తం మీద ఆయనొక్కరే అని విన్నాను. డ్రైవరు అప్పన్న ఎనిమిదేళ్ళ కిందట డాక్టరు తిడితే మానేసిన బీడీని మళ్ళీ మానేశాడు. టైపిస్టు సులోచన గారు ఇతరుల తప్పులు ఎత్తిచూపడం మానేస్తానని రాసి, నా ఫారంలో రెండు అక్షరదోషాలు ఉన్నాయని చెప్పారు. నేను ఆఫీసు వేళల్లో పేపరు చదవడం అని రాశాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. ఆ రోజు నుంచి ఫోన్లోనే చదువుతున్నాను.

సాయంత్రానికి ఇరవై ఆరు ఫారాలు వచ్చాయి. ఇరవై ఏడోది ముక్తేశ్వరం గారిది. అందులో ‘ఏమీ లేదు’ అని ఉంది.

ముక్తేశ్వరం గారికి యాభై ఏడేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రికార్డు గదిలోనే ఉన్నారు. పదిన్నర ఆఫీసుకు పది నిమిషాలు తక్కువ పదికే వచ్చి తాళం తీసేవారు. టీ తాగరు, కిళ్ళీ వేసుకోరు. జేబులో ఉండే మీటల ఫోనులో ఒకటే నంబరు ఉండేది, అది వాళ్ళావిడ విశాలాక్షి గారిది. మా ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంది. సీనియారిటీ ప్రకారం అది ఆయనకే రావాలి. ఆ కుర్చీ మీద ఆయనకు ఎందుకంత ఆశో ఒకసారి అడిగాను.

“నకలు తియ్యడానికి నాకు పది నిమిషాలు పడుతుంది సాంబమూర్తి గారూ. దాని కింద సంతకం పడ్డానికి పది రోజులవుతోంది. పాపం దూరాల్నుంచి వస్తారు. రిటైరయ్యేలోపు ఒక్క ఏడాది ఆ సంతకం నా చేతిలో ఉంటే బావుణ్ణండి” అన్నారు.

సిబ్బంది వ్యవహారాలు చూసే సీనియర్ అసిస్టెంటుని కాబట్టి ఆ ఫారం సంగతి నా నెత్తిన పడింది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటరు తెరిచాను. అందులో ఎనిమిది దురలవాట్ల జాబితా ఉంది. ఒకటి నొక్కితే గాని తర్వాతి పేజీ రాదు. ‘ఏమీ లేదు’ అనేది ఆ జాబితాలో లేదు.

“పొగాకు?”

“లేదండి.”

“మద్యం?”

ఆయన నా వంక జాలిగా చూశారు.

“పోనీ, కోపం?”

“ఎవరి మీదండి?”

“అబద్ధాలాడటం అని పెట్టేద్దాం. ఎవరొచ్చి చూస్తారు?”

“నాకా అలవాటు లేదు కదండీ. అలా రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది.”

“మరీ మంచిది. ఇవాళ ఆడినట్టవుతుంది, రేపట్నుంచి మానేసినట్టవుతుంది.”

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు. తర్వాత “వద్దండీ” అన్నారు.

సంగతి పై ఆఫీసుకు రాశాం. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. “దురలవాటు లేకుండుట పథక స్ఫూర్తికి విరుద్ధము. సదరు ఉద్యోగి పరివర్తనను ప్రతిఘటించుచున్నట్లు భావించవలసియున్నది. సంజాయిషీ కోరవలెను.” తమకు దురలవాట్లు ఎందుకు లేవో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలియజేయవలెనని నేనే మెమో రాసి ఆయన చేతికిచ్చాను. ఆయన గంటలో జవాబు తెచ్చారు. ‘తీరిక దొరకలేదు’ అని ఒకే ఒక్క ముక్క రాశారు. అందులో వెటకారమేమైనా ఉందేమోనని పీతాంబరం గారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి మరీ చూశారు. ఏమీ కనబడలేదు.

దాంతో కమిటీ పడింది. పీతాంబరం గారు అధ్యక్షులు, సులోచన గారు సభ్యురాలు, నేను కార్యదర్శిని.

“లేనిదాన్ని వదిలించలేం. అంచేత ముందు కల్పించాలి” అన్నారు పీతాంబరం గారు. “వదలడానికి ఇరవయ్యొక్క రోజులు చాలినప్పుడు పట్టడానికీ చాలాలి. మొదటిది ఆవిర్భావ దశ, రెండోది విసర్జన దశ. రాసుకోండి.”

రాసుకున్నాను. ఏ అలవాటు కల్పించాలన్న దగ్గర చర్చ నడిచింది. పొగాకు ఆరోగ్యానికి మంచిది కాదని సులోచన గారు అడ్డుపడ్డారు. మద్యం అయితే ప్రభుత్వ ఖర్చు మీద సాధ్యం కాదన్నాను నేను. జాబితాలో ఆరోది ‘కార్యాలయమునకు ఆలస్యముగా హాజరగుట’. పీతాంబరం గారి ముఖం వికసించింది.

“ఇదీ అలవాటంటే! పైగా దీంట్లో తర్ఫీదు ఇవ్వగలిగిన సిబ్బంది మన దగ్గర బోలెడంత మంది ఉన్నారు.”

తీర్మానం మీద ముగ్గురం సంతకాలు చేసి ముక్తేశ్వరం గారిని పిలిచాం. ఇరవయ్యొక్క పనిదినాలు పదకొండుంపావు లోపల ఆఫీసులో అడుగుపెట్టకూడదు. రోజూ ఆలస్యానికి మెమో ఇస్తాం, అది సాక్ష్యం. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

“తాళం నా దగ్గరే ఉంటుంది కదండీ. జనం వస్తారు.”

“జనం ఎప్పుడూ వస్తూనే ఉంటారు ముక్తేశ్వరం గారూ. పథకం ఒక్కసారే వస్తుంది” అన్నారు పీతాంబరం గారు.

మొదటి రోజు ఆయన కాళ్ళు ఆయన మాట వినలేదు. పది నిమిషాలు తక్కువ పదికల్లా గేటు ముందుకు తెచ్చి నిలబెట్టాయి. అప్పుడు ఉత్తర్వు గుర్తొచ్చి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి నూకరత్నం టీ బడ్డీ దగ్గర బెంచీ చివర కూర్చున్నారు. అక్కడ జరిగిన మాటలు తర్వాత నూకరత్నమే మా అందరికీ చెప్పింది.

“ఏటి బాబూ, ఇయ్యాల సెలవా?” అని ఆమె అడిగిందట.

“కాదమ్మా. ఆలస్యంగా వెళ్ళమన్నారు.”

“ఎవులన్నారు?”

“పైవాళ్ళు.”

“అయితే మిగిలినోళ్ళందరికీ ఎప్పుడో సెప్పీసి, మీకొక్కరికే సెప్పడం మరిసిపోనారు గావాల.”

పదకొండుంపావుకు ఆయన లోపలికి వస్తే నేను మెమో చేతిలో పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళలో అది ఆయనకు మొదటి మెమో. రెండుసార్లు చదువుకుని, “ఇది నా సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కదు కదండీ?” అని అడిగారు.

“సాక్ష్యం కోసమేనండి” అన్నాను.

నాలుగో రోజున పైడితల్లి వచ్చింది. రెండు బస్సులు మారి రావలసిన ఊరు ఆవిడది. మొగుడు పోయాడు. పక్కింటివాడు ఆవిడ పెరట్లో సగానికి కర్రలు పాతి, ఇదంతా తనదేనన్నాడు. పాత కొలతల నకలు తెస్తే గాని మాట్లాడనన్నాడు తహసీల్దారు, సోమవారం దాకా గడువు పెట్టాడు. మా కౌంటరు దగ్గరికి నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ ఉత్త చేతులతో పోయింది. ఐదోసారి రికార్డు గదికి తాళం ఉందని తెలిసి, బడ్డీ దగ్గర కూలబడి నూకరత్నంతో చెప్పుకుని ఏడుస్తోంది.

బెంచీ చివర్నుంచి ముక్తేశ్వరం గారు విన్నారు.

“ఏ ఊరమ్మా? మీ ఆయన పేరేంటి? ఇల్లు కట్టింది ఆ పెద్ద తుఫానుకు ముందా, తర్వాతా?”

ఆవిడ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

“కిటికీ పక్క రాక్. కింద నుంచి రెండో అర. ఎర్ర అట్ట పుస్తకం” అని తనలో తను అనుకుని, ఆవిడ చేతిలోని దరఖాస్తు తీసి చూశారు. “ఇది పొలాల ఫారమమ్మా. ఇళ్ళ స్థలాలకు వేరే ఉంది. ఎవరూ చెప్పలేదా?”

“సెప్తే నానెందుకు తిరుగుతాను బాబూ? రేపు రా అన్నారు, ఎల్లుండి రా అన్నారు. నాది తప్పు కాయితమని ఒక్కుళూ అనలేదు.”

ఆయన అక్కడే దరఖాస్తు రాసిచ్చారు. పదకొండుంపావుకు లోపలికొచ్చి, మెమో తీసుకుని, నకలు తీశారు. మూడింటికి వెళ్ళిపోయే పీతాంబరం గారి గది గుమ్మంలో రెండింటి నుంచీ నిలబడ్డారు. ఈయన పక్కకి తప్పుకుంటే గాని కారెక్కడం కుదరదని అర్థమై అధికారి సంతకం పెట్టారు. పైడితల్లి ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయనకు దండం పెట్టబోతే ఆయన గాభరాపడి రికార్డు గదిలోకి పారిపోయారు.

ఆ కబురు ఎలా పాకిందో గానీ, పదో రోజుకల్లా పొద్దున్నే నలభై మంది బడ్డీ దగ్గర చేరడం మొదలైంది. నూకరత్నం ఇంకో రెండు బెంచీలు వేసింది. ఎవరి తర్వాత ఎవరో సుద్దముక్కతో పలక మీద రాసేది. ముక్తేశ్వరం గారు ఒక్కొక్కరినే పిలిచి, కావలసిన కాగితమేదో, అదెక్కడుందో, ఏ ఫారం నింపాలో చెప్పేవారు. ఆయన టీ తాగడం నేర్చుకున్నారు. నవ్వడం కూడా నేర్చుకున్నారు. ఒకరోజు కిటికీలోంచి చూస్తే ఎవరో రైతు చెప్పిన మాటకు తల వెనక్కి వాల్చి నవ్వుతున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన పళ్ళు నేను చూడటం అదే మొదలు.

మా ఆఫీసులో ప్రశాంతత నెలకొంది. కౌంటరు దగ్గర ఒక్క మనిషి లేడు. దరఖాస్తులు సరిగ్గా నింపి వస్తున్నాయి కాబట్టి తిప్పి పంపే పని కూడా లేదు. అలవాట్ల పరివర్తన పథకం ఫలితంగా కార్యాలయంలో రద్దీ గణనీయంగా తగ్గినట్లు పీతాంబరం గారు పై ఆఫీసుకు నివేదిక పంపారు. మెచ్చుకుంటూ జవాబు వచ్చింది.

ఇరవయ్యొక్క రోజులూ ముగిశాయి. ఇరవై రెండో రోజు విసర్జన దశ మొదలైంది. ముక్తేశ్వరం గారు పది నిమిషాలు తక్కువ పదికి వచ్చి తాళం తీశారు. ఆయన వెనకాల నలభై మందీ లోపలికి వచ్చారు.

ఆ రోజు సంగతి ఏం చెప్పను! వరండా నిండిపోయింది. కుర్చీలు చాల్లేదు. వాళ్ళు ముక్తేశ్వరం గారితో ఆగకుండా మమ్మల్ని కూడా ప్రశ్నలు అడిగారు. ఒక ముసలాయన నా బల్ల మీదికి వంగి, “తమరేటి సేస్తారు బాబూ ఇక్కడ?” అన్నాడు. నేను ఒక ఫైలు తెరిచి అందులో తల దూర్చాను. మూడో రోజున పీతాంబరం గారు నన్ను పిలిచి గది తలుపు వేశారు.

“ఆయన్ని ఇంకొన్నాళ్ళు ఆలస్యంగా రమ్మనండి.”

“విసర్జన దశలో ఉన్నారండి.”

“నోటిమాటగా చెప్పండయ్యా.”

చెప్పాను. ముక్తేశ్వరం గారు చేతిలోని కట్టకు ముడి బిగించి, “రాసివ్వండి సాంబమూర్తి గారూ, చేస్తాను” అన్నారు. ఎవరు రాసిస్తారు? విసర్జన దశ ఇరవయ్యొక్క రోజులూ ఆయన ఒక్క నిమిషం తేడా లేకుండా వచ్చారు. మా శాఖ మొత్తంలో ఒక అలవాటును నిజంగా నేర్చుకుని నిజంగా మానేసిన మనిషి ఆయనొక్కరే.

మా ఇరవై ఆరుగురి ధ్రువపత్రాలూ ఎప్పుడో వచ్చేశాయి. ఆయనది తిరిగొచ్చింది. “సదరు ఉద్యోగి దురలవాటు పథకము ప్రారంభమైన పిమ్మట పుట్టినట్లు రికార్డుల ద్వారా తెలియుచున్నది. ధ్రువపత్రము కొరకే అలవాటు చేసుకొన్నట్లు అనుమానించవలసియున్నది. అంతేగాక, ఒకే విడతలో ఇరవయ్యొక్క ఆలస్యపు మెమోలు అందుకొన్న ఉద్యోగి పదోన్నతికి అనర్హుడు. ఈ అలవాటు కార్యాలయ ఆదేశముపై చేసుకొన్నదేనన్నచో సంబంధిత కమిటీ తీర్మానమును జతపరచవలెను.”

అలాంటి కమిటీ ఏదీ తనకు గుర్తులేదన్నారు పీతాంబరం గారు. అతిగా పనిచేయడం మానేసినప్పటి నుంచీ ఆయనకు చాలా విషయాలు గుర్తుండటం లేదు. సులోచన గారు ఇతరుల తప్పులు ఎత్తిచూపడం మానేశానని రాసిచ్చిన మనిషి కాబట్టి మాట్లాడలేదు.

నాకు గుర్తుంది. తీర్మానం నా బీరువాలోనే ఉంది. కానీ సీనియారిటీ జాబితాలో ముక్తేశ్వరం గారి తర్వాతి పేరు నాది.

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఆ తీర్మానం మీ దగ్గరే ఉండాలి కదండీ?”

“వెతకాలండి” అన్నాను.

ఆయన నన్ను చూశారు. ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాలతో బతికిన మనిషికి, ఏ కాగితం దొరుకుతుందో ఏది దొరకదో ఒకరు చెప్పక్కర్లేదు. నేను ఫోన్లో పేపరు తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. తలెత్తేసరికి ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టారు. కారణం దగ్గర ‘స్వంతం’ అని రాశారు. ఆయన ఉద్యోగం వదిలి వెళ్ళిన నెలలోనే కమిషనర్ గారు మా ఊరు వచ్చారు. సిబ్బంది ఇరవై ఆరుగురు, ధ్రువపత్రాలు ఇరవై ఆరు, అంటే నూటికి నూరు. పీతాంబరం గారికి షీల్డు ఇచ్చారు. “మీరు మారారు. ఇప్పుడిక వ్యవస్థ మారక తప్పదు” అని కమిషనర్ గారు ఉపన్యసించారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను సూపరింటెండెంటునయ్యాను. సంతకం నా చేతికి వచ్చింది. సంతకం కోసం రావలసిన నకళ్ళు మాత్రం రావడం మానేశాయి. రికార్డు గదిలో ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నెల తిరక్కుండా కమిషనర్ గారి దగ్గర్నుంచి ఫోను. వాళ్ళ మామగారిది మా జిల్లాయే. ఆయన ఇంటి స్థలం పాత కొలతల నకలు రెండు రోజుల్లో కావాలట. నేను, సులోచన గారు, అప్పన్న కలిసి రెండు పూటలు రాక్‌లన్నీ దులిపాం. దుమ్ము చాలా దొరికింది.

పీతాంబరం గారు చేతి గడియారం చూసుకున్నారు. మూడు కావస్తోంది.

“రోడ్డు అవతలికి వెళ్ళి కనుక్కుని రండయ్యా” అన్నారు.

వెళ్ళాను. నూకరత్నం బడ్డీ పక్కన నీలం టార్పాలిన్ పట్టా కట్టారు. దాని కింద చిన్న బల్ల వేసుకుని ముక్తేశ్వరం గారు ఎవరికో దరఖాస్తు రాసిస్తున్నారు. విశాలాక్షి గారు పక్కన కూర్చుని ఫారాలు విడదీస్తున్నారు. నేను నేరుగా బల్ల దగ్గరికి పోబోతే నూకరత్నం పలక అడ్డం పెట్టింది.

“లైన్లో నిల్సోండి బాబూ.”

“నేను సూపరింటెండెంటుని.”

“అయితే అవ్వండి. అయినా నిల్సోండి.”

ముక్తేశ్వరం గారు తలెత్తారు. ఎప్పటి మర్యాదతోనే నమస్కారం పెట్టారు.

“పిలుస్తానండి సాంబమూర్తి గారూ, మీ వంతు రాగానే. మీకన్నా ముందు తొమ్మిది మంది ఉన్నారు” అని మళ్ళీ రాతలో పడ్డారు.

వరసలో చివర నిలబడ్డాను. ఎండగా ఉంది. నా ముందున్న పెద్దాయన కాస్త జరిగి తన గొడుగు నీడలో నాకు చోటిచ్చాడు.

“మీ పనీ ఈ ఆపీసులోనే ఇరుక్కుందా బాబూ?”

“అవును.”

“ఆళ్ళేటీ సెయ్యరు. ఈయనే మనకి దిక్కు. ఇంతకీ తమరేటి సేస్తుంటారు?”

ఎదురుగా మా ఆఫీసు బోర్డు కనిపిస్తోంది. మేడ మీద నా కుర్చీ, దాని వీపున ఆరేసిన నా తెల్ల తువ్వాలు కూడా కిటికీలోంచి కనిపిస్తున్నాయి.

“వ్యవసాయం” అన్నాను.

“మంచి పని” అన్నాడు పెద్దాయన. వరస ఒక్క అడుగు ముందుకు జరిగింది.